పాతపట్నం పెళ్లి, ముంబయి కౌంటరు



పాతపట్నం చుట్టుపక్కల ఊళ్లలో అమెరికా సంబంధం అంటే ఇప్పుడెవరూ నోరు వెళ్లబెట్టడం లేదు. సెలవు దొరికినన్ని రోజులకు పెళ్లికొడుకు దిగుతాడు. పెళ్లి, వ్రతం, రెండు మూడు చుట్టాల ఇళ్లలో భోజనాలు అయ్యేసరికి తిరుగు విమానం టైమవుతుంది. అతను వెళ్లిపోతాడు. అమ్మాయి పుట్టింట్లోనే ఉండిపోతుంది. మెడలో పుస్తెలుంటాయి, పాస్‌పోర్టులో వీసా ఉండదు. ఆ రెంటికీ మధ్య గడిచే కాలం గురించీ, దాని చివర ముంబయిలో ఒక కౌంటరు దగ్గర కొద్ది నిమిషాల్లో ముగిసే ఇంటర్వ్యూ గురించీ ఈ పూట మాట్లాడుకుందాం.

మగవాడు సముద్రం దాటడం, ఇల్లాలు ఊళ్లో ఉండిపోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఈ నేలంతా గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో కళింగపట్నం, భీమునిపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి వేలమంది పడవలెక్కి రంగం వెళ్లారు. రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనే అన్నారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిషు ఇండియాలో భాగమే కాబట్టి భార్యను తీసుకెళ్లడానికి వీసా గొడవ లేదు. అయినా ఎక్కువమంది ఒంటరిగానే వెళ్లారు. మిల్లులో, రేవులో వచ్చే కూలి అక్కడ సంసారం పెట్టడానికి చాలదు. ఆనాడు ఆపింది పేదరికం, ఈనాడు ఆపేది చట్టం.

అమెరికా సంగతి మొదటినుంచీ వేరు. 1917లో చేసిన చట్టం ఆసియా ఖండంలో చాలా భాగానికి గీత గీసి, ఆ గీత లోపలివాళ్లు వలస రాకూడదంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ కాలంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డుకు వెళ్లారు. ఆరియోమైసిన్ లాంటి మందులు ఆయన నడిపిన పరిశోధన నుంచి ప్రపంచానికి అందాయి. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన అక్కడే కన్నుమూసేదాకా ఆయన ఇటు రాలేదు, ఆవిడ అటు వెళ్లలేదు.

1946లో తలుపు కొంచెం తెరిచారు. ఎంత? ఏడాదికి వందమంది భారతీయులకు. 1965 చట్టంతో పద్ధతే మారింది. అమెరికా పౌరుడి భార్యకు, అమెరికా పౌరురాలి భర్తకు ఏటా ఇన్నే వీసాలనే లెక్క ఆ చట్టంలో లేదు. మన అమ్మాయిలు ఈరోజు వెళ్లేది ఆ చట్టం తెరిచిన దారిలోనే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అబ్బాయి హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తుంటే భార్యకు ఇచ్చేది హెచ్-4. అది తాత్కాలిక వీసా. దానికి హైదరాబాదు కాన్సులేటు ఉంది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. అబ్బాయి పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా, భార్య వెళ్లేది స్థిరపడడానికి. దానిపేరు ఇమ్మిగ్రెంట్ వీసా. ఆ కేసులకు మనవాళ్లు సాధారణంగా వెళ్లవలసింది ముంబయికి, బాంద్రా కుర్లా కాంప్లెక్సులోని కాన్సులేటుకు. పౌరుడి భార్యకు వరస తొందరగా వస్తుంది. గ్రీన్‌కార్డువాడి భార్యకు ఏటా ఇన్ని వీసాలనే పరిమితి ఉంది కాబట్టి ఎదురుచూపు ఇంకా పెరగొచ్చు. సంబంధం మాట్లాడుకునేటప్పుడే "అబ్బాయికి ఏ వీసా?" అని అడిగితే చిన్నతనమేమీ లేదు. అమ్మాయి పుట్టింట్లో ఎన్నాళ్లుండాలో ఆ ఒక్క జవాబు చెబుతుంది.

పని ఎలా నడుస్తుందో క్లుప్తంగా చెప్తాను. ముందు అబ్బాయి అక్కడ ఐ-130 అనే పిటిషను వేస్తాడు. "ఈమె నా భార్య, పిలిపించుకుంటాను" అని చెప్పడం దాని సారాంశం. అది ఆమోదం పొందాక కాగితాలు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటరుకు వెళ్తాయి. అప్పుడు అమ్మాయి డీఎస్-260 అనే దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి. అబ్బాయి ఐ-864 అనే పూచీకత్తు ఇవ్వాలి. తన ఆదాయం అక్కడి పేదరికపు గీతకు కనీసం 125 శాతం ఉందని చూపించాలి. అన్నీ సరిపోయాక ముంబయి తారీకు వస్తుంది.

ఇంత పెద్ద యంత్రాంగంలో మనవాళ్ల కాలికి అడ్డం పడేది అమెరికాలో కాదు, ఇక్కడే, మన మండలంలోనే. ఎందుకంటారా?

మొదటిది పుట్టిన సర్టిఫికెట్టు. పాతపట్నానికి మహేంద్రతనయ అవతల పర్లాకిమిడి. మనకు సంత, సినిమా, ఆసుపత్రి ఎటు దగ్గరైతే అటే. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు హద్దు రాళ్లు పాతారు గానీ చుట్టరికాలు విడదీయలేదు. కాన్పు పర్లాకిమిడిలో అయితే పుట్టిన సర్టిఫికెట్టు ఒడిశా ప్రభుత్వానిది. బడి రికార్డు ఆంధ్రాది. ఒకదాంట్లో ఊరిపేరు పర్లాకిమిడి, ఇంకోదాంట్లో పాతపట్నం. పాస్‌పోర్టులో ఏది రాయించారో ఎవరికీ గుర్తుండదు. పైగా పుట్టిన రిజిస్టరులో పిల్ల పేరు ఉండదు, "ఆడశిశువు" అని మాత్రమే ఉంటుంది. పేరు తరవాత చేర్పించుకోవాలని ఎవరూ చెప్పరు. ఇంట్లోనే పురుడు పోసినవాళ్లయితే అసలు నమోదే ఉండదు. అప్పుడు నమోదు లేదని ధ్రువీకరణ తెచ్చుకుని, తల్లిదండ్రుల అఫిడవిట్లు, బడి రికార్డు జతచేయాలి. ఇంగ్లీషులో లేని కాగితానికి అనువాదం, అనువాదం చేసినవారి ధ్రువీకరణ పెట్టాలి.

రెండోది పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. బడిలో ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం. టెన్తు సర్టిఫికెట్టులో అదే ఉండిపోతుంది. పాస్‌పోర్టు ఫారం నింపినతను పేరంతా ఒకే గడిలో రాసేసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తాడు. అప్పుడు అమెరికా వీసా మీద సొంత పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయి, పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" అని మూడక్షరాలు పడతాయి. ముందుపేరు తెలియదని దాని అర్థం. ఆ పిల్ల అక్కడ డ్రైవింగు లైసెన్సుకు వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా ఆ మూడక్షరాలూ వెంట వస్తాయి. అందుకే పెళ్లికి ముందే పాస్‌పోర్టు తీసి, టెన్తు సర్టిఫికెట్టు పక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెళ్లయింది కదా అని కేసు మధ్యలో ఇంటిపేరు మార్పించడానికి తొందరపడకండి. మారిస్తే అన్నిటిలోనూ మార్చాలి.

మూడోది పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు. అది ఇచ్చేది పాస్‌పోర్టు ఆఫీసు. మనకైతే విశాఖపట్నం. స్టేషను నుంచి కానిస్టేబులు విచారణకు వచ్చేసరికి అమ్మాయి అత్తవారింట్లో ఉంటే మళ్లీ మొదటికి. ఏ చిరునామా రాశారో ఆ ఇంట్లో ఉండడం మంచిది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పెళ్లి రిజిస్ట్రేషను. ఇక్కడ కాసేపు ఆగుదాం.

1955 హిందూ వివాహ చట్టం ఏం చెబుతుందంటే, సప్తపది జరిగేచోట ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టు. రిజిస్టరు చేయించనంత మాత్రాన ఆ పెళ్లి చెల్లకుండా పోదు. మన ఊరికి కూడా ఈ సంగతి తెలుసు. ఫలానావారి అమ్మాయి పెళ్లయిందా అంటే, కాగితం చూపించమని ఎవరూ అనరు. పందిరి వేసినవాడు చెప్తాడు, సన్నాయి ఊదినవాడు చెప్తాడు, భోజనానికి వచ్చినవాళ్లంతా చెప్తారు. మన పెళ్లికి ఊరే సాక్షి. కానీ ఆ ఊరిని ముంబయి తీసుకెళ్లలేం. కౌంటరు వెనక కూర్చున్న మనిషికి పాతపట్నం ఎక్కడుందో కూడా తెలియదు. ఊరికి తెలిసినదాన్ని ఆయనకు కాగితమే చెప్పాలి.

ఇలాంటి తగువు మనవాళ్లకు ఇదివరకే వచ్చింది. 1913 మార్చిలో దక్షిణాఫ్రికా కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు చెప్పారు. హసన్ ఇసాప్ అనే భారతీయుడి భార్య బాయి మరియం ఇండియా నుంచి వెళ్తే ఓడ దిగనివ్వలేదు. బహుభార్యాత్వానికి చోటున్న మతం ప్రకారం, రిజిస్టరు లేకుండా జరిగిన పెళ్లి తమ చట్టంలో పెళ్లి కాదన్నారు. ఆ ఒక్క తీర్పుతో అక్కడి హిందూ, ముస్లిం, పార్సీ స్త్రీలందరి తలమీదా పిడుగు పడింది. నాటాల్ చెరకు తోటల్లో మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లిన కూలీల కుటుంబాలు కూడా ఉన్నాయని మరచిపోకండి. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు పెద్ద ఎత్తున దిగింది అప్పుడే. కస్తూర్బా జైలుకెళ్లారు. 1914లో చట్టం మార్చి ఏకపత్నీ వివాహాలను గుర్తించారు.

ఇంగ్లండులో ఇంకో రకం. 1997 దాకా అక్కడొక నిబంధన ఉండేది. ఈ పెళ్లి ముఖ్యోద్దేశం ఇంగ్లండులో స్థిరపడడం కాదని మీరే రుజువు చేసుకోవాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమలేఖలుండవు, కలిసి తిరిగిన ఫొటోలుండవు. ఎలా రుజువు చేస్తారు? మన ఉపఖండం వాళ్ల దరఖాస్తులు ఆ నిబంధన కింద చాలా తిరస్కరించారు. అధికారులకు అనుమానం ఒకరోజులో పుట్టలేదు, ఒకరోజులో పోదు. మనం చేయగలిగింది, నిజాన్ని అనుమానానికి చోటులేకుండా చూపించడం.

కాబట్టి పెళ్లైన వారంలోనే, అబ్బాయి విమానమెక్కక ముందే, ఇద్దరూ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లండి. మన రాష్ట్రంలో 2002 నుంచి పెళ్లి రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టమే ఉంది. ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లి అయి ఉంటే కోర్టు డిక్రీ ఉండాలి. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు మన వీధిలో చెల్లుతాయేమో గానీ ముంబయిలో డిక్రీ అడుగుతారు.

ఆల్బం గురించి ఒక మాట. మన ఆల్బమ్‌లో సగం పేజీలు పెళ్లికూతురు ఒక్కతే అద్దం ముందు, ఆకు చాటున, పువ్వు పట్టుకుని. అవి అందంగా ఉంటాయి, ఆ అధికారికి పనికిరావు. ఆయనకు కావలసింది రెండు కుటుంబాలూ ఒక చట్రంలో ఉన్న ఫొటో. మేనమామ బుట్టలో తెచ్చేది, తలంబ్రాలు పోసేది, అత్తమామలు నవ్వుతూ పక్కన నిలబడ్డది. శుభలేఖ ఒకటి దాచండి. పెళ్లి తరవాత అబ్బాయి మళ్లీ వచ్చి వెళ్లిన టిక్కెట్లు, మాట్లాడుకున్న ఫోన్ల వివరాలు, పంపిన డబ్బు రసీదులు ఒక ఫైల్లో పెట్టండి.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని. మా వీధిలో ఇంగ్లీషు కాగితం వస్తే నా దగ్గరికి తెస్తారు. అలాగే మా చెల్లెలు తన కూతుర్ని తెచ్చింది. ముంబయి తారీకు వచ్చింది, ఏమడుగుతారో చెప్పమంది. అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి నేనే అధికారిని అయ్యాను.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"

"సాఫ్ట్‌వేరు, పెద్దమ్మా."

"ఏ కంపెనీ? అందులో అతని పనేంటి?"

కంపెనీ పేరు చెప్పింది, పని తెలియలేదు.

"జీతమెంత?"

అమ్మాయి వాళ్ల నాన్న ముఖం చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "బాగానే వస్తాదండి, మధ్యవర్తి చెప్పాడు" అన్నాడు.

"అద్దె ఇల్లా, సొంతమా? ఇంట్లో ఇంకెవరుంటారు? ఇంతకుముందు పెళ్లయిందా?"

మంచం మీద కూర్చున్న మా అమ్మ ఇక ఆగలేక, "ఏటే అమ్మీ, పెళ్లయిపోయిన పిల్లకి ఇప్పుడు పెళ్లిచూపులేటే?" అంది.

అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఆలోచిస్తే మా అమ్మ ఉన్నమాటే అంది. పెళ్లిచూపుల్లో మన పిల్లను ఏమడిగాం? పాట వచ్చా, వంట వచ్చా అన్నాం. పిల్ల చేత ఏమడిగించాం? ఏమీ లేదు. అడగవలసినవన్నీ కట్నం మాటల మధ్య మగవాళ్లు అడిగారు, జవాబులు మగవాళ్లే విన్నారు. ఆ ప్రశ్నలే ఇప్పుడు ముంబయిలో ఒక పరాయి మనిషి నేరుగా ఆ పిల్లనే అడుగుతాడు. పక్కన నాన్న ఉండడు, మధ్యవర్తి ఉండడు.

తమాషా ఏమిటంటే, జవాబులు ఆ పిల్ల ఒళ్లో ఉన్న ఫైల్లోనే ఉన్నాయి. ఐ-864 తీసి చూపించాను. భర్త ఉద్యోగం, ఏడాది ఆదాయం, ఇంట్లో అతని మీద ఆధారపడినవాళ్లెందరు, అన్నీ అతని సంతకం మీద ఉన్నాయి. జతగా ఇన్‌కంటాక్స్ కాగితాలు. ఇది మీ ఆయన నీకోసం ప్రభుత్వానికి రాసిచ్చిన పూచీ, చదువుకోమన్నాను. ఆ రాత్రి అతనికి ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగిందట. "మేం డబ్బు గురించి మాట్లాడుకోవడం ఇదే మొదలు పెద్దమ్మా" అంది మర్నాడు.

ఇంటర్వ్యూకు ముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. కాన్సులేటు గుర్తించిన వైద్యులే చేయాలి, మన డాక్టరు చీటీ పనికిరాదు. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష, టీకాలు ఉంటాయి. క్షయ గురించి గట్టిగా చూస్తారు. గర్భవతి అయితే ముందే చెప్పాలి.

ప్రయాణానికి విశాఖ నుంచి విమానాలున్నాయి. లేదంటే పలాసలోనో, ఆమదాలవలసలోనో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబయి. బయల్దేరే ముందు నీలమణి దుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టడం మనకు అలవాటు. కొట్టండి. ఒరిజినల్ కాగితాలన్నీ సంచిలో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

కాన్సులేటు లోపలికి సెల్‌ఫోను తీసుకెళ్లనివ్వరు. తోడొచ్చినవాళ్లు బయటే. లోపల వేలిముద్రలు, కాగితాల పరిశీలన, తరవాత అద్దం వెనక అధికారి. కుడిచెయ్యి పైకెత్తి, నేను చెప్పేది, రాసింది నిజమని ప్రమాణం చేయాలి. మా చెల్లెలి కూతురు అక్కడ ఎదుర్కొన్న మొదటి ప్రశ్న, "ఈ సంబంధం ఎవరు తెచ్చారు?" మేనత్త తెచ్చిందంది. పెళ్లికి ముందు ఎన్నిసార్లు కలిశారంటే, ఒక్కసారి అంది. ఇక్కడే చాలామంది తడబడతారు. ఒక్కసారే అంటే నమ్మరేమోనని ఆరుసార్లు అంటారు. అక్కర్లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు ఆ అధికారులు రోజూ చూస్తారు. ఒక్కసారి చూసి ఒప్పుకున్నానంటే తప్పు లేదు. లేనిది ఉందంటే మాత్రం ముప్పు. వీసాకోసం తెలిసి అబద్ధమాడినట్టు తేలితే జీవితాంతం ప్రవేశం లేకుండా చేసే సెక్షను ఆ చట్టంలో ఉంది. ప్రేమపెళ్లిలా కనిపించాలని ఏజెంట్లు నేర్పే కథలు అసలు వినకండి.

అన్నీ సరిగా ఉంటే పాస్‌పోర్టు ఉంచుకుంటారు. ఏదైనా తక్కువైతే 221(జి) అని ఒక చీటీ ఇస్తారు. దాన్ని చూసి ఏడవాల్సిన పని లేదు. చాలాసార్లు ఒక కాగితం తెమ్మని దాని అర్థం. అయితే అసలే కాదంటే మాత్రం కోర్టుకెక్కి గెలవడం కష్టం. పౌరుడైనంత మాత్రాన భార్యకో భర్తకో వీసా ఇప్పించుకునే రాజ్యాంగ హక్కు లేదని 2024లో అమెరికా సుప్రీంకోర్టు మునోజ్ కేసులో చెప్పింది. అందుకే మొదటిసారే పకడ్బందీగా వెళ్లాలి.

వీసా వచ్చాక తెలుసుకోవలసినవి రెండు. అక్కడ అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది షరతులతో కూడిన గ్రీన్‌కార్డు. 1986లో దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి చేసిన చట్టం అది. ఆ కార్డుకు రెండేళ్లు పూర్తయ్యే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. "ఆ సంతకం నా చేతిలో ఉంది" అని బెదిరించే భర్తలుంటారు. అక్కడ హింస జరిగితే భర్త సంతకం లేకుండా భార్య ఒక్కతే దరఖాస్తు పెట్టుకునే వీలుంది. రెండోది, ఐ-864 పూచీ విడాకులతో రద్దవదు. ఆమె పౌరురాలయ్యేదాకానో, అక్కడ దాదాపు పదేళ్ల పని లెక్క నిండేదాకానో అతని బాధ్యత ఉంటుంది. ఈ రెండు మాటలూ పెళ్లికూతురి సారె పెట్టెలో చీరలతోపాటు వెళ్లాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కాన్సులేటు ప్రశ్నలు అవమానమని కొందరు బాధపడతారు. నాకలా అనిపించదు. అతనెవరు, ఏం చేస్తాడు, ఎంత సంపాదిస్తాడు, ఎవరితో ఉంటాడు, ముందు పెళ్లయిందా అన్నవి ఏ పిల్లకైనా తెలిసి తీరవలసిన సంగతులు. వాటిని మన అమ్మాయిని మొదట అడిగేది వీసా అధికారి కావడమే మనకు చిన్నతనం. తాంబూలాలు పుచ్చుకోకముందే అమ్మాయిని, అబ్బాయిని కూర్చోబెట్టి, ఆమె నోటితోనే ఇవన్నీ అడిగించండి. జవాబులు నచ్చకపోతే వద్దనే హక్కు ఆమెకివ్వండి. వద్దనే హక్కు ఉండి అవునన్న పిల్ల ఏ కౌంటరు దగ్గరా తడబడదు.